ఆదివారం ఏ వారానిది

"ఆ పళ్లెం తియ్యి మెర్లీన్," అంది హైసింత్ మూడోసారి.

మెర్లీన్ తియ్యలేదు. పైగా ఆ పళ్లెంలో రెండు బమ్మీ, అదే కర్రపెండలం రొట్టె, ముక్కలు వేసి, వేయించిన చేపనొకదాన్ని పెట్టింది. చేప తల తన వైపు ఉంటేనే ఆమె మొగుడు ఎగ్బర్ట్ తినేవాడు. ఖాళీ కుర్చీ ఎటుందో చూసుకుని మరీ తల అటు తిప్పింది.

బల్ల చుట్టూ ముగ్గురు ఆడవాళ్లు, నాలుగు పళ్లాలు. బయట మధ్యాహ్నపు ఎండలో ఎర్రమట్టి కాలి ఊరుకుంది. సముద్రం దూరంగా, నిద్రలో మనిషి ఊపిరిలా, ఉందో లేదో తెలియకుండా వినిపిస్తోంది. ఎగ్బర్ట్ పార్చ్‌మెంట్ వేటకెక్కిన పడవ ఖాళీగా తేలుతూ దొరికి పది రోజులు. ఆ కబురు నడిసముద్రంలోని పెద్రో దిబ్బల నుంచి ఇంటికి చేరి ఆరు రోజులు.

"శనివారం రాత్రి తమ్ముడి చావు జాగారం పెట్టుకున్నాం," అంది హైసింత్. ఆమె ఎగ్బర్ట్‌కి అక్క, ఊరికి పెద్ద నోరు. "మేకని మాట్లాడాను. చేపచారుకి పెద్ద డేగిసా ఎరువు తెచ్చాను. ఆదివారం చర్చిలో జ్ఞాపక ఆరాధనకి పాస్టర్ గారు ఒప్పుకున్నారు. ఇంతా చేసి నేనొస్తే నువ్వేమో బతికున్నోడికి వడ్డించినట్టు వడ్డిస్తున్నావు."

"బతికున్నాడు కాబట్టే వడ్డించాను వదినా."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి! కలలో పెళ్లి చూశానని చెప్పానా లేదా? పడవ దొరికిన నాడే చూశాను. వాడు తెల్ల కోటు వేసుకుని నిలబడ్డాడు, పక్కన పెళ్లికూతురికి మొహం లేదు. కలలో పెళ్లంటే చావేనని నీకు నేను చెప్పాలా?"

"నాకూ కలలొస్తాయి," అంది మెర్లీన్ నెమ్మదిగా. "రోజూ వస్తున్నాడు. మెట్ల మీద నిలబడి కాళ్లు తుడుచుకుంటాడు. నీళ్లల్లో పోయినోడి కాళ్లు తడిగా ఉండాలి కదా వదినా? ఆయనవి పొడిగా ఉంటాయి. ఎర్రమట్టి అంటుకుని ఉంటుంది."

వాళ్లిద్దరి మధ్యా కూర్చున్న కూతురు ఒలివెట్‌కి ఏ కలా రాలేదు. వచ్చుంటే బాగుండేది. నాన్న పోయాడన్న కబురు విన్నప్పటి నుంచీ ఆమెకి మెలకువే ఒక కలలా ఉంది. చెయ్యి చాపితే గ్లాసు దొరుకుతుంది గానీ, చాపింది తన చెయ్యేనా అని అనుమానంగా ఉంటుంది.

మెర్లీన్ రవిక లోంచి మడతపెట్టిన కాగితం తీసింది. చర్చి తలుపు పక్కన బోర్డు మీంచి నిన్న పీక్కొచ్చిన కాగితం అది. చెమటకి మెత్తబడింది. పైన 'కానుకలు అందిన వారం: అక్టోబర్ 13 – 19' అని ఉంది. కింద కానుక కవరు వేసినవాళ్ల నంబర్లు వరసగా. పేర్లు వేస్తే గొప్పలకి పోతారని మొరేవియన్ చర్చి పెద్దలు ఎప్పుడో నంబర్లే చాలన్నారు. ఊళ్లో ఎవరి నంబరు ఎవరిదో పిల్లలకి కూడా తెలుసు కాబట్టి గొప్పలకేం లోటు రాలేదు.

"ముప్పై ఒకటి," అని వేలు పెట్టి చూపించింది మెర్లీన్. "ఎవరి నంబరు వదినా ఇది?"

"మా నాన్నది. ఆయన తర్వాత మా తమ్ముడిది."

"పడవ దొరికింది పన్నెండున. పదమూడు దాని తర్వాతొస్తుందా, ముందొస్తుందా? నేను చదువుకోలేదు, నువ్వే చెప్పు. చర్చి వెనక తలుపుకి కవర్లు వేసే కంత ఉంది. ఎవరూ చూడకుండా వచ్చి వేసి వెళ్లాడు."

"వచ్చినోడు ఇంటికి రాకుండా కానుక వేసి పోతాడా? అంత భక్తుడా మా వాడు?" హైసింత్ నవ్వబోయి, నవ్వు రాక, ఒలివెట్ మీద పడింది. "ఆ కాగితం కొట్టింది నీ కూతురే కదా. ఏమే, నోటికి తాళం వేసుకున్నావా? చెప్పు మీ అమ్మకి!"

ఒలివెట్ చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేసింది. కాగితం కొట్టింది తనే. చర్చి కంప్యూటర్‌లో ప్రతి మంగళవారం కానుకలు ఎక్కించేది తనే. ఆ మంగళవారానికింకా పడవ కబురు ఇంటికి రాలేదు. కానుకల లెక్క చూసే జెఫన్యా తాత రాసిచ్చిన చీటీ చూసి, ముప్పై ఒకటి దగ్గరికి రాగానే ఎప్పటిలాగే ఎక్కించేసి ముప్పై రెండుకి వెళ్లిపోయింది. నాన్న నంబరు వేళ్లకి అంత అలవాటు, చీటీలో అదుందో లేదో చూసిన గుర్తే లేదు.

"అమ్మా, అది నా తప్పేమో," అంది చివరికి.

"ఏ తప్పు?"

"కంప్యూటర్‌కి వారం సోమవారంతో మొదలవుతుంది. ఆదివారం దానికి తోక. మనకేమో తల."

"ఆదివారం తోకేంటే?" మెర్లీన్ నిజంగానే నొచ్చుకుంది. "వారంలో మొదటి రోజున ప్రభువు లేచాడని సండే స్కూల్లో నీకు నేర్పలేదూ?"

"నాకు నేర్పారమ్మా. కంప్యూటర్ సండే స్కూల్‌కి వెళ్లలేదు. ఆదివారం వేసిన కవర్లన్నీ గడిచిపోయిన వారంలో చూపిస్తోందని పెద్దలు గొడవపెడితే, పోయిన మంగళవారం నేనే మార్చాను. 'వారం మొదలయ్యే రోజు' అని ఒక గడి ఉంటుంది. సోమవారం తీసి ఆదివారం పెట్టాను. తోకని తల చేసేసరికి తారీఖులన్నీ కదిలాయి. ఆరో తారీఖున నాన్న వేసిన కవరు పదమూడు కిందికి జారిపోయిందేమో."

"చూశావా?" అంది హైసింత్. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ఉన్న గడిని ఉన్నట్టుంచితే ఈ పళ్లెం ఇక్కడుండేది కాదు."

ఒక ఈగ నాలుగో పళ్లెం మీద వాలింది. మెర్లీన్ దాన్ని తోలింది.

"జారిందేమో అంటున్నావు. జారిందని అనడం లేదు," అంది ఆమె. "వెళ్లి చూసి రా. జారిందంటే ఆ మేకని నేనే దగ్గరుండి కోయిస్తాను. నల్ల గౌను ఇస్త్రీ చేసుకుని ముందు బెంచీలో కూర్చుంటాను. జారలేదంటే మాత్రం ఆయన పేరు మీద ఈ ఇంట్లో ఒక్క పాట పాడడానికి వీల్లేదు. వదినా, నీకు సరేనా?"

"సరే," అంది హైసింత్. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తమ్ముడు పోయాడని నిరూపించడానికి ఇంత కష్టపడాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు.

*

చర్చి వెనక గదిలో గాలి పాతగా ఉంది. కిటికీ రంగు అద్దం లోంచి పడిన నీలం వెలుతురు బల్ల మీదా, కంప్యూటర్ మీదా, ఒలివెట్ చేతుల మీదా పరుచుకుంది. నీళ్ల అడుగున కూర్చున్నట్టుంది ఆమెకి. నాన్నకి కూడా ఇలాగే కనిపించిందా అన్న ఆలోచన వచ్చి, చేతులు బల్ల కిందికి లాక్కుంది.

తర్వాత మళ్లీ పైకి తీసి పనిలో పడింది. ముందు ఆదివారాన్ని తోకగా పెట్టి చూసింది. మళ్లీ తలగా పెట్టి చూసింది. గడి మార్చినప్పుడల్లా వారాల పేర్లు అటూ ఇటూ కదిలాయి గానీ కవర్లు ఏ ఆదివారానివి ఆ ఆదివారానికే అంటుకుని ఉన్నాయి. అక్టోబర్ ఆరు, ముప్పై ఒకటి. అక్టోబర్ పదమూడు, ముప్పై ఒకటి.

ఒకటి కాదు, రెండున్నాయి. పోయిన వారం చీటీలో కూడా జెఫన్యా తాత చేత్తో ముప్పై ఒకటి రాసి ఉంది. ఏదీ జారలేదు.

తప్పు తనది కాదని తెలిస్తే ఎవరికైనా గుండె తేలికపడుతుంది. ఒలివెట్‌కి మాత్రం భయం వేసింది. తన తప్పే అయ్యుంటే నాన్న చచ్చిపోయినట్టు, అంతే. ఇప్పుడేమనుకోవాలి?

ఈ వారం ఎక్కించాల్సిన చీటీ బల్ల మీద సిరాబుడ్డి కింద పెట్టి ఉంది. జెఫన్యా తాత వంకర అక్షరాలు. 'ఆదివారం, అక్టోబర్ 20.' ఆమె వేలు నంబర్ల వెంబడి దిగింది. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. ముప్పై.

ముప్పై ఒకటి.

ఆ క్షణంలో ఒలివెట్ అమ్మ నమ్మినదంతా నమ్మింది. నాన్న కాళ్లు పొడిగా ఉన్నాయని నమ్మింది. ఇప్పుడే వెనక తలుపు కంత దగ్గర వంగి, కవరు లోపలికి తోసి, మట్టికాళ్లతో వెళ్లిపోయాడని నమ్మింది. లేచి పరుగున వెళ్లి తలుపు తీసింది. బయట ఎవరూ లేరు. సమాధుల మధ్య గడ్డిలో ఎవరిదో మేక తల ఎత్తి ఆమెని చూసి, మళ్లీ మేతలో పడింది.

*

జెఫన్యా తాత తన ఉల్లికాడల మడిలో ఎండుగడ్డి పరుస్తున్నాడు. చర్చి కానుకల పెద్దగా నలభై ఏళ్లు. కంప్యూటర్ అంటే కోపం లేదు, గౌరవమూ లేదు.

"తాతా, ఇరవయ్యో తారీఖు చీటీలో ముప్పై ఒకటి రాశావు."

"రాశాను."

"ఎవరు వేశారా కవరు? నువ్వు చూశావా?"

"నేనే వేశాను తల్లీ."

ఒలివెట్ మడి గట్టు మీద కూర్చుంది. ముసలాయన గడ్డి చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఇంట్లోకి వెళ్లి, బిస్కెట్ల రేకుడబ్బా ఒకటి తెచ్చాడు. మూత మీద రంగు పోయిన గుర్రపుబండి బొమ్మ. ఆ డబ్బా ఒలివెట్‌కే కాదు, ఊరందరికీ తెలుసు. దాని పేరు ఒంటోళ్ల డబ్బా.

వేటకి దిబ్బల మీదికి పోతే రెండేసి మూడేసి వారాలు రారు. చర్చి ఏడాదికోసారి పెట్టెలో పెట్టి పంచే కవర్ల మీద ఏ ఆదివారం తారీఖు ఆ ఆదివారానికి అచ్చేసి ఉంటుంది. పెళ్లైనవాడి కవరు వాడి పెళ్లాం పట్టుకెళ్లి కానుకల పళ్లెంలో వేస్తుంది. ఆడదిక్కు లేనివాళ్లు మాత్రం రాబోయే ఆదివారాల కవర్లు జెఫన్యా డబ్బాలో పెట్టి పోతారు. బ్రహ్మచారులు, పెళ్లాం పోయినవాళ్లు, పెళ్లాం పొమ్మన్నవాళ్లు. ఆ డబ్బాలో కవరుందంటే ఇంట్లో పొయ్యి వెలగడం లేదని లెక్క.

"మా నాన్న కవర్లు ఇందులో ఎందుకున్నాయి తాతా? మా అమ్మ లేదా?"

"నేనూ అదే అడిగాను. సోమవారం సాయంత్రం వచ్చాడు, మర్నాడు పడవెక్కుతాడనగా. 'ఏరా, మెర్లీన్‌తో పోట్లాడావా?' అన్నాను. 'లేదు బ్రదర్, ఆమెకి మోత ఎందుకని' అన్నాడు. కవరెంత బరువుంటుంది తల్లీ? నాకు అర్థం కాలేదు. తీసుకున్నాను."

"ఆయన పోయాడని తెలిశాక కూడా ఇరవైన వేశావే?"

"కవరు మీద ఆదివారం పేరుంది. పడవ సంగతి దానికి తెలీదు. దేవుడికిస్తానన్నది నా డబ్బాలో ఆపుకునే అధికారం నాకు లేదు," అన్నాడు ముసలాయన. డబ్బా మూత మీది దుమ్ము తుడుస్తూ, "చెప్పాలనే అనుకున్నాను. మీ ఇంటి దాకా రెండుసార్లు వచ్చాను కూడా. డబ్బా మాట ఎత్తితే మీ అమ్మ మొహం ఎలా ఉంటుందోనని వెనక్కి పోయాను," అన్నాడు.

డబ్బా మూత తీశాడు. రబ్బరు బ్యాండు చుట్టిన కట్ట ఆమె చేతిలో పెట్టాడు. నాన్న చేతి చేపవాసన ఇంకా పోలేదు. ఒలివెట్ ఒక్కొక్కటే తిప్పింది. అక్టోబర్ ఇరవై ఏడు. నవంబర్ మూడు. పది. పదిహేడు. ఇరవై నాలుగు. డిసెంబర్ ఒకటి...

చివరిది డిసెంబర్ ఇరవై తొమ్మిది.

"పన్నెండిచ్చాడు," అన్నాడు జెఫన్యా. "రెండు వేశాను. పదున్నాయి."

"రెండు వారాల్లో వస్తానన్నాడు తాతా మాతో."

ముసలాయన ఆమె వైపు చూడలేదు. ఉల్లికాడల వైపు చూశాడు.

"ఇంకోటి కూడా అన్నాడు. అడిగావు కాబట్టి చెబుతున్నాను. నువ్వు అడగకపోతే నాతోనే పోయేది. 'కొత్త సంవత్సరం కవర్ల పెట్టెలు పంచేటప్పుడు నా నంబరు ఎవరైనా కొత్తగా చేరిన పిల్లాడికిచ్చెయ్ బ్రదర్, అది ఖాళీగా ఉండకూడదు' అన్నాడు. వాళ్ల నాన్న నంబరది. అలా ఎలా ఇస్తానురా అన్నాను. నవ్వి వెళ్లిపోయాడు."

ఖాళీ పడవ దొరికితే మనిషి మునిగాడని అందరూ అనుకున్నారు. ఒలివెట్ కూడా అనుకుంది. ఖాళీ పడవంటే దిగిపోయిన మనిషి కూడా కావచ్చునని ఇప్పుడు, ఈ ఎండలో, మొదటిసారి తట్టింది. లేక చావు కబురు ఆయనకి ముందే అందిందా? రెండిట్లో ఏది కోరుకోవాలో ఆమెకి తెలియలేదు. నాన్న మీద మొట్టమొదటిసారి కోపం వచ్చింది. ఆ కోపంలో ఆయన బతికున్నట్టే అనిపించి ఏడుపొచ్చింది.

కట్టని తిరిగి డబ్బాలో పెట్టేసి లేచింది.

*

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. సముద్రం మీంచి లేచిన మంచు లాంటి వెలుగులో కొబ్బరిచెట్లు సగం చెరిగిపోయాయి. మెర్లీన్ మెట్ల మీద కూర్చుని ఉంది. సరిగ్గా ఆయన కలలో కాళ్లు తుడుచుకునే చోట. లోపల హైసింత్ గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"జారిందా?" అంది మెర్లీన్.

అబద్ధం ఆడడానికి దారి పొడుగునా సిద్ధమవుతూనే వచ్చింది ఒలివెట్. జారిందమ్మా అంటే చాలు. మేక, పాటలు, నల్ల గౌను, ఏడుపు. ఆ తర్వాత ఎప్పటికో నిద్ర. అమ్మ మొహం చూశాక నోరు మాట వినలేదు.

"లేదమ్మా."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

మెర్లీన్ సంతోషపడలేదు, ఆశ్చర్యపోలేదు. గొంతు తగ్గించి, వంటింటి వైపు ఒకసారి చూసి అడిగింది.

"ఎన్నున్నాయి?"

"ఏంటమ్మా?"

"డబ్బాలో. ఎన్నున్నాయే?"

ఒలివెట్ అక్కడే, కింది మెట్టు మీద కూర్చుండిపోయింది. మెర్లీన్ పావడా చాటు నుంచి చిన్న అట్టపెట్టె తీసింది. కవర్ల పెట్టె. మూత మీద ముప్పై ఒకటి. లోపల ఏమీ లేదు.

"పదమూడున పొద్దున్నే ఆయన కవరు తీసుకెళ్దామని బీరువా తెరిచాను," అంది. "నా పెట్టెలో నావున్నాయి. ఆయన పెట్టె ఖాళీ. ఈ ఊళ్లో పెట్టె ఖాళీ అయితే కవర్లు ఎక్కడికి పోతాయో నాకు తెలీదా? ఇరవై ఏడేళ్లు ఆయన కవరు మోశాను. నేను బతికుండగా ఒంటోళ్ల డబ్బాలో పెట్టిపోయాడు."

"మరి... వెనక తలుపు కంతలో వేశాడని అత్తతో ఎందుకన్నావు?"

"ఆమెతో ఏమనమంటావు? నీ తమ్ముడు పోతూ పోతూ పెళ్లాం లేనివాళ్లలో కలిశాడని చెప్పనా? జెఫన్యాని అడగడానికి నాకు కాళ్లు రాలేదు. అందుకే నీ కంప్యూటర్ని అడ్డం పెట్టుకున్నాను. చెప్పు, ఎన్నున్నాయి?"

"పది."

మెర్లీన్ వేళ్ల మీద ఆదివారాలు లెక్కపెట్టింది. పెదవులు కదిలాయి. ఆఖరి వేలు దగ్గరికొచ్చేసరికి ఆమె మొహం మెల్లగా విచ్చుకుంది. అలా విచ్చుకుంటుందని ఒలివెట్ అనుకోలేదు.

"ఏడాది చివరి దాకా," అంది. "చూశావా? చచ్చిపోదామని వెళ్లేవాడు రాబోయే ఆదివారాలకి ఇచ్చి వెళ్లడు. ఎక్కడికో వెళ్లాడు. ఎందుకో నాకు చెప్పలేకపోయాడు. కానీ ఈ ఏడాది దాటాక ఒక్క ఆదివారానికి కూడా కవరు లేదు ఆయన దగ్గర. అంటే కొత్త పెట్టె తీసుకోవడానికి వస్తాడు. రావాలి కదే?"

హైసింత్ తడి చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అంతా విందో, సగమే విందో తెలియదు. ఆమె నోట్లోంచి ఒక్క మాట రాలేదు. ఆమెకది కొత్త.

"కొత్త పెట్టెల జాబితా రాసేది నువ్వే కదా?" మెర్లీన్ బోర్డు కాగితాన్ని వెనక్కి తిప్పి మోకాలి మీద సాఫు చేసింది. జుట్టులో దోపుకున్న పొట్టి పెన్సిల్ తీసి కూతురి చేతిలో పెట్టింది. "ఇక్కడే రాయి. ముప్పై ఒకటి, ఎగ్బర్ట్ పార్చ్‌మెంట్. మీ అత్త కూడా చూస్తుంది. రేపు నేనే తీసుకెళ్లి జెఫన్యాకిస్తాను."

పెన్సిల్ మొన కాగితం మీద ఆనింది. ఒలివెట్ మూడు రాసింది. పక్కన ఒకటి రాసింది. ఆ తర్వాత చెయ్యి కదలలేదు.

"ఏమైందే?" మెర్లీన్ ఇన్నాళ్లకి మొదటిసారి నవ్వింది. కూతురి భుజం మీద చెయ్యి వేసి, మేలమాడుతూ అడిగింది. "ఆ నంబరు అప్పుడే ఇంకెవరికైనా ఇచ్చేశారా ఏంటి?"